కత్తిరించని అంచు

నీటి సరఫరా ఆఫీసులో గీతలక్కకి ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తు లేదు. ఊరి కింద పరుచుకుని ఉన్న గొట్టాలన్నిటినీ కాగితం మీద గీసేది ఆవిడే కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. హాజరు పుస్తకంలో ఉన్న పేరుతో పిలిస్తే వెంటనే తలెత్తేది కాదు. ఇంకెవరినో అనుకుని తన పని తాను చేసుకుపోయేది.

ఇరవై రెండేళ్ళ వయసులో ఆ మ్యాపుల గదిలో అడుగుపెట్టింది. అప్పటికి కంప్యూటర్లు లేవు. ఏటవాలు బల్లలు, ట్రేసింగ్ కాగితం, నల్ల ఇంకు. బల్ల మీద ఏది ఎక్కడ ఉండాలో తనకి తానే ఒక చట్టం రాసుకుంది. కుడిచేతి కింద పెన్నులు, సన్నవి ముందు, లావువి వెనక. ఎడమ పక్క స్కేళ్ళు. ఇంకు తుడిచే గుడ్డ కుడి మూల. తప్పు గీత పడితే గీకేసే బ్లేడు మాత్రం బల్ల పైఅంచున ఉండేది. లేచి నుంచుంటే తప్ప అది చేతికి అందదు.

"అదేంటక్కా, బ్లేడుని అటకెక్కించావు?" అని ఎవరైనా అడిగితే, "చెరపాలంటే లేవాలి. లేచేలోపు ఒకసారి ఆలోచన వస్తుంది" అనేది.

ఆ బ్లేడు అటకెక్కడానికి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, ఒక సందులో పాత గొట్టం తీసేశారంటే మ్యాపులో ఆ గీతని గీకేసింది. గీత పక్కనే ఉన్న వాల్వు గుర్తు కూడా ఆ ఊపులో లేచిపోయింది. వేలిగోరంత గుర్తు. ఆవిడ చూసుకోలేదు. ఎనిమిది నెలల తర్వాత అదే సందులో పెద్ద గొట్టం పగిలింది. వాల్వులు తిప్పే ఆయన మనిషెత్తు ఇనుప తాళంచెవి భుజాన వేసుకుని మ్యాపు చేత్తో పట్టుకుని పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తిరిగాడు. మ్యాపులో చూపించిన వాల్వులన్నీ కట్టేశాడు. నీళ్ళు ఆగలేదు. కింది వాటాల్లోని మంచాల దాకా నీళ్ళొచ్చాక ఎవరో ముసలాయన గుర్తుచేసుకుని చూపిస్తే, మట్టి కింద ఆ వాల్వు మూత దొరికింది.

సాయంత్రం వాల్వాయన బురద బూట్లతోనే మ్యాపుల గదిలోకి వచ్చాడు. అరుస్తాడనుకుంది. అరవలేదు. "అక్కా, నీ మ్యాపులో లేదు కదా అని భూమిలో కూడా లేదనుకున్నాను" అన్నాడు. అంతే. తాళంచెవి గోడకి ఆనించి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

తిట్టి ఉంటే మర్చిపోయేదేమో. ఆ మాట మాత్రం ఆవిడ చేతిలో ఉండిపోయింది. ఆ మర్నాడే బ్లేడు అటకెక్కింది.

ఆ గదిలో ఇంకో అలవాటు ఉండేది. అది గీతలక్క ఒక్కదానిదే కాదు, గీసేవాళ్ళందరిదీ. ప్రతి మ్యాపుకీ చుట్టూ ఒక చట్రం గీస్తారు. చట్రం బయట నాలుగు వేళ్ళ వెడల్పున కాగితం మిగులుతుంది. దాన్ని అంచు అనేవాళ్ళు. పెన్ను పొడిబారిందేమో అక్కడ గీసి చూసుకుంటారు. గీత లావు సరిపోయిందో లేదో, వాల్వు గుర్తు కుదిరిందో లేదో అక్కడే సరిచూసుకుంటారు. గుర్తుంచుకోవాల్సిన సంగతులు కూడా అక్కడే రాసుకుంటారు. మ్యాపు పూర్తయ్యాక స్కేలు ఆనించి అంచుని బ్లేడుతో కోసి పారేసి, శుభ్రమైన మ్యాపుని పై అధికారికి ఇస్తారు. గీసేవాళ్ళ చెత్త, మనసు, చేతి తడబాటు అన్నీ ఆ పట్టీలో ఉండేవి. దాన్ని ఎవరూ అడగరు, ఎవరూ చూడరు.

కంప్యూటర్లు వచ్చేసరికి గీతలక్కకి నలభై ఆరేళ్ళు. ఇరవై నాలుగేళ్ళు పెన్ను పట్టిన కుడి బొటనవేలు కీలు దగ్గర అరిగిపోయింది. మౌస్ పట్టుకుంటే మణికట్టు దాకా సలుపు. కళ్ళజోడు రెండు ముక్కలది, దూరానికి పైముక్క, దగ్గరికి కిందిముక్క. తెర మీద పనిముట్ల పట్టీలన్నీ పైన ఉన్నాయి. వాటిని చూడాలంటే గడ్డం పైకెత్తి, ఆకాశంలో పక్షిని వెతికినట్టు కిందిముక్కలోంచి చూడాలి. సాయంత్రానికి మెడ పట్టేసేది.

"ఈ టూల్‌బార్ ఏంటయ్యా, చూరుకి వేలాడదీశారు?" అని కంప్యూటర్లు చూసుకునే ఆయన్ని అడిగింది.

"అందరికీ అక్కడే ఉంటుంది మేడమ్."

"అందరి మెడలూ ఒకటేనా?"

ఒకరోజు మౌస్‌ని ఎడమచేతికి మార్చుకుని తంటాలు పడుతుంటే, చెయ్యి జారి ఒక టూల్‌బార్ ఊడి తెర మధ్యకి వచ్చేసింది. ఆఫీసు సొమ్ము విరగ్గొట్టానే అని చుట్టూ చూసింది. ఎవరూ చూడలేదు. ఊడినదాన్ని మెల్లగా కిందికి లాగింది. అది బుద్ధిగా తెర అడుగున కూర్చుంది.

"ఓహో. ఊడి వస్తావన్నమాట!" అంది పైకే.

ఆ వారం రోజులూ ఆవిడ ఇల్లు మారిన మనిషిలా సర్దింది. రోజూ కావలసిన వాల్వులు, వంపులు, గొట్టం కొలతలు కిందికి తెచ్చింది. గీసినదాన్ని సేవ్ చేసుకునే బటన్‌ని కుడిమూల పెట్టింది, ఒకప్పుడు ఇంకు గుడ్డ ఉన్న చోట. ఎప్పుడూ వాడని బటన్ బొమ్మలన్నిటినీ తీసి అవతల పారేసింది. ఎడమచేత్తో మౌస్ నడుపుతూ కుడి వేళ్ళతో నొక్కడానికి షార్ట్‌కట్లు పెట్టుకుంది. కీబోర్డు పైవరసలో కుడిపక్క ఉండే ఒక కీ నొక్కితే వాల్వు పడుతుంది. పక్కది నొక్కితే వంపు. చెరిపే బొమ్మని మాత్రం తీసుకెళ్ళి తెర పైమూలలో, గడ్డం ఎత్తితే తప్ప కనబడని చోట పెట్టింది. దానికి షార్ట్‌కట్ లేదు.

అలా ఎనిమిదేళ్ళు గడిచాయి. ఆ ఎనిమిదేళ్ళలో ఊరు రెండింతలైంది. ఊరి కింది గొట్టాలు మూడింతలయ్యాయి. ఒక్క వాల్వు కూడా మ్యాపులోంచి జారిపోలేదు. ఆ మధ్యలోనే ఆవిడ భర్త పోయాడు. ఇంట్లో ఆవిడ, బట్టలు కుట్టే ఆడపడుచు మిగిలారు.

రిటైరవడానికి ఇంకా నాలుగేళ్ళుందనగా కొత్త సారు వచ్చాడు.

కొత్త సారు చెడ్డవాడేమీ కాదు. మాట మెత్తన. మనిషి నీటు. బల్ల మీద పెన్సిళ్ళన్నీ ఒకే పొడుగుండేలా చెక్కించుకునేవాడు. మ్యాపుల గదిలో ఉన్న ఆరు కంప్యూటర్ల ముందూ చేతులు వెనక్కి కట్టుకుని నడిచి, ఒక్కోదాన్నీ ఒంగి చూసి, గీతలక్క దగ్గర ఆగిపోయాడు.

"మేడమ్, ఇక్కడ ఆరు కంప్యూటర్లకి ఆరు ముఖాలున్నాయి. మీ సీట్లో నేను కూర్చుంటే ఒక్క గీత కూడా గీయలేను."

"మీరెందుకు గీస్తారు సార్? గీయడానికి నేనున్నాను కదా."

"రేపు మీరు సెలవు పెడితే?"

"ఈ ఎనిమిదేళ్ళలో తొమ్మిది రోజులు పెట్టాను సార్. మా ఆయన పోయినప్పుడు పెట్టినవి అందులో ఏడు."

కొత్త సారు గొంతు సవరించుకుని, "అయినా పద్ధతంటూ ఒకటుండాలి. ఎవరు ఎక్కడ కూర్చున్నా పని నడవాలి. ఒకటో తారీకు నుంచి అన్నిటికీ ఒకే ముఖం. అలవాటు చేసుకోలేనివాళ్ళకి ఫిర్యాదుల కిటికీ దగ్గర సీటు ఖాళీగా ఉంది" అన్నాడు.

ఫిర్యాదుల కిటికీ అంటే నీళ్ళు రానివాళ్ళంతా వచ్చి అరిచే కిటికీ. గీతలక్కకి అరుపులంటే భయం లేదు. ముప్పై రెండేళ్ళుగా తను గీసిన మ్యాపు ఇంకొకరి చేతిలోకి పోతుంది. అదీ ఆవిడ భయం.

ఒకటో తారీకున కంప్యూటరాయన వచ్చి ఆవిడ సర్దుకున్నదంతా నిమిషంలో తుడిచేశాడు. టూల్‌బార్లు మళ్ళీ చూరుకెక్కాయి. షార్ట్‌కట్లు పై ఆఫీసువాళ్ళు పంపిన జాబితా ప్రకారం మారిపోయాయి.

"నన్ను తిట్టుకోకండి మేడమ్."

"నిన్నెందుకు తిట్టుకుంటాను? నువ్వు సామాను బయట పెట్టేవాడివి. ఇల్లు ఖాళీ చేయించేవాడు వేరే ఉన్నాడు."

ఆ మధ్యాహ్నం కొత్త సారు వెనకాల నుంచుని చూస్తున్నాడు. గీతలక్క ఒక వీధి గొట్టాన్ని ఎంచుకుని, దాని మీద వాల్వు పెట్టడానికి చూడకుండానే కీ నొక్కింది. వీధిలోని గొట్టం మొత్తం మాయమైంది. కొత్త జాబితాలో ఆ కీకి చెరిపే పని అంటగట్టారు. ఆవిడ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మరుక్షణం చేసినదాన్ని వెనక్కి తిప్పింది, గొట్టం తిరిగొచ్చింది.

"చూశారా మేడమ్? మీకు రావడం లేదు" అన్నాడు కొత్త సారు మెత్తగా.

గీతలక్క కుర్చీ తిప్పి ఆయన ముఖంలోకి చూసింది.

"నాకు రాకపోవడం కాదు సార్. నా ఇంట్లో గుమ్మం ఉన్నచోట నుయ్యి తవ్వారు. రోజూ నడిచే దారి కదా అని అడుగేశాను."

గదిలో మిగతా అయిదుగురూ తెరల్లోకి ముఖాలు దూర్చేశారు. ఎవరో దగ్గులో నవ్వు కలిపేశారు.

కొత్త సారు వెళ్ళాక ఆవిడ డ్రాయరులోంచి పాత బ్లేడు తీసింది. కీబోర్డు మీది ఆ కీని కింద నుంచి ఎత్తి, ఊడదీసి, గుండుసూదుల డబ్బాలో వేసింది.

మర్నాడు కంప్యూటరాయన చూశాడు. "మేడమ్, ఇక్కడొక కీ లేదు."

"ఊడింది."

"ఎలా ఊడింది?"

"పన్ను ఊడినట్టు. వయసైపోలేదూ కీబోర్డుకి!"

ఆయన నవ్వు బిగబట్టుకుని వెళ్ళిపోయాడు.

రెండో రోజు నుంచి గీతలక్క పదకొండు నిమిషాలు ముందు రావడం మొదలుపెట్టింది. పొద్దున్నే ఆఫీసు తుడిచే ఆవిడతో పాటే లోపలికొచ్చి, టూల్‌బార్లు ఒక్కొక్కటీ పట్టుకుని కిందికి దించుకునేది. సాయంత్రం కంప్యూటరు ఆపగానే అన్నీ ఎక్కిపోయేవి. పొద్దున మళ్ళీ దించేది. మూడు వారాలు ఇలా సాగింది. పక్క సీటాయన చూడలేక, "అక్కా, రోజూ ఈ అవస్థ ఎందుకు, పైనుంచే నొక్కేస్తే పోలా?" అన్నాడు.

"నువ్వు రోజూ తల దువ్వుకుంటావా లేదా?"

"దువ్వుకుంటాను."

"రాత్రికి చెరిగిపోతుంది కదా, ఎందుకు దువ్వుకోవడం?"

ఆయన చెయ్యి అప్రయత్నంగా బట్టతల మీదికి పోయింది. గదంతా గొల్లుమంది.

ఆ నవ్వు కొత్త సారు గది దాకా వినబడిందో, ఎవరైనా చేరవేశారో తెలియదు. నాలుగో వారంలో టూల్‌బార్లకి తాళం పడింది. పట్టుకుని ఎంత లాగినా ఒక్కటీ కదల్లేదు. షార్ట్‌కట్లు మార్చుకునే పేజీ తెరవబోతే, అనుమతి లేదని తెర మీద ఎర్రటి గీత వచ్చింది.

ఆ రోజు ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా ముందు గదిలో కూర్చుండిపోయింది. ఆడపడుచు కుట్టుమిషను ముందు ఉంది.

"ఏంటి వదినా, ముఖం అలా ఉంది? ఎవరైనా నీ బల్ల మీద చెయ్యేశారా?"

"బల్ల ఎక్కడిదే ఇంకా? తెర. తాళం వేసేశారు."

"తెరకి తాళమేంటి!"

గీతలక్క జరిగిందంతా చెప్పింది. ఆడపడుచు కుట్టడం ఆపింది.

"నా కత్తెర ఎక్కడుంటుంది?" అంది.

"నీ కుడిపక్క మేకుకి. అదెందుకిప్పుడు?"

"అన్నయ్య ఒకసారి గది సర్దుతానని దాన్ని తీసి డబ్బాలో పెట్టాడు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు? ఆ రోజు నువ్వు ఎవరి చొక్కాకో రెండూ ఎడమ చేతులే కుట్టావు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ ఒకేసారి ఆగిపోయారు. ఆయన తలపుకొచ్చిన ప్రతిసారీ వాళ్ళ నవ్వు అలాగే ఆగేది.

"నువ్వూ మేకు కొట్టుకో వదినా. అడిగితే కదా వాళ్ళు వద్దనేది?"

"ఎక్కడ కొట్టను? గోడలన్నీ వాళ్ళవే."

ఆడపడుచు మళ్ళీ మిషను వైపు తిరిగింది. దారం రంగు మార్చింది. కుట్టబోయే గుడ్డ మీద మొదలుపెట్టకుండా, పక్కన పడి ఉన్న కత్తిరింపు ముక్క తీసుకుని దాని మీద నాలుగు కుట్లు వేసి, దారం బిగువు చూసుకుంది. ఎప్పుడూ చేసేదే. గీతలక్క కళ్ళు ఆ ముక్క మీద నిలిచిపోయాయి.

"అంచు" అంది.

"ఏంటి?"

"అంచే! మ్యాపుకి అంచుంటుంది కదా!"

"నాకేం తెలుస్తుంది వదినా? ముందు చెప్పులు విప్పు."

మర్నాడు గీతలక్క మ్యాపు తెరిచి చట్రం బయటికి వెళ్ళింది. కంప్యూటరులో ఆ చోటుకి హద్దు లేదు, ఎంత దూరం పోయినా తెల్లగా ఉంటుంది. చట్రానికి సరిగ్గా కింద నాలుగు వేళ్ళ పట్టీ గీసింది. అందులో ఒక వాల్వు గీసింది, సరైన కొలతతో, సరైన రంగులో. పక్కన వంపు. దాని పక్కన మూడు దారుల కలయిక, ఆ తర్వాత మీటరు, నీళ్ళు పారే వైపు చూపించే బాణం, ఒక్కో కొలతలో ఒక్కో గొట్టం ముక్క. తనకి రోజూ కావలసిన ఇరవై ఆరు వస్తువులనీ పాత బల్ల మీద పెన్నులు పేర్చినట్టు పేర్చింది. తెరని అడ్డంగా రెండు భాగాలుగా విడగొట్టడానికి ఎవరూ తాళం వేయలేదు. పైభాగంలో వీధి, కిందిభాగంలో అంచు. వాల్వు కావాలంటే అంచులో ఉన్నదాన్ని పట్టుకుని, నకలు తీసి, వీధిలో పెట్టడమే. కళ్ళజోడు కిందిముక్కకి ఎదురుగా, మెడ కదపక్కర్లేకుండా.

టూల్‌బార్లు చూరు మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. ఎవరొచ్చి చూసినా ముఖం ఒకటే. అంచుకి తాళం వేయాలంటే మ్యాపుకే వేయాలి. మ్యాపుకి తాళం వేస్తే ఆఫీసు మూసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు, పూర్వం పెన్ను పారుతోందో లేదో చూసుకున్నట్టు, అంచు మూలలో మౌస్‌తో ఒక పిచ్చి గీత గీసింది. వంకరటింకరగా వచ్చింది. ఉంచేసింది. దాని పక్కన చిన్న అక్షరాలతో రాసుకుంది: "చెరపబోతే లేచి నుంచో."

వారం తిరక్కుండానే పక్క సీటాయన ఆవిడ మ్యాపు తెరిచి, "అక్కా, నీ వాల్వులు తీసుకోవచ్చా?" అన్నాడు. "తీసుకో, తరిగిపోవు" అంది. నెల రోజుల్లో ఆరు కంప్యూటర్ల మీదా ఆవిడ అంచే నడుస్తోంది. కొత్త షీటు మొదలుపెట్టేవాళ్ళు పాత షీటు నకలు తీసి మొదలుపెడతారు కాబట్టి అంచు కూడా పిచ్చి గీతతో సహా వెంట వెళ్ళేది. ఎవరు ఎక్కడ కూర్చున్నా పని నడుస్తోంది. కొత్త సారు కోరిందీ అదే. కాకపోతే అది ఎలా నడుస్తోందో ఆయనకి తెలియదు. కంప్యూటరాయనకి తెలుసు. "నాకు చట్రం లోపలి సంగతులే తెలుసు మేడమ్" అనేవాడు.

పై ఆఫీసు నుంచి ముగ్గురు పెద్దవాళ్ళు మ్యాపులు చూడ్డానికి వస్తున్నారన్నారు. కొత్త సారు ముందురోజు తనే స్వయంగా ఆరు షీట్లు పెద్ద కాగితాల మీద అచ్చు తీయించాడు. మ్యాపుల గదివాళ్ళు అచ్చు తీసేటప్పుడు "చట్రం వరకే" అని ఎంచుకుంటారు. కాగితం కోసి పారేసిన కాలం నుంచీ వాళ్ళ చేతికి అదే అలవాటు. కొత్త సారుకి ఆ అలవాటు లేదు. ఏమీ పోకూడదని "ఉన్నదంతా" అని నొక్కాడు. ఇంటికెళ్ళే తొందరలో చుట్టలు విప్పి చూడలేదు. పొద్దున్నే మేకులు కొట్టి హాలు గోడకి వరసగా తగిలించారు.

గీతలక్క వచ్చేసరికి కొత్త సారు గోడ ముందు నుంచుని ఉన్నాడు. ఆరు మ్యాపుల కిందా ఆరు పట్టీలు. ఒక్కోదానిలో ఇరవై ఆరు గుర్తులు, పిచ్చి గీత, చిన్న అక్షరాలు. ఆయన ఒక్కొక్కటీ ఒంగి చదువుతున్నాడు. "చెరపబోతే లేచి నుంచో." "మోకాలి మందు అయిపోయింది." "మూడో సందు వాల్వు నిజంగా ఉందా? తమ్ముడిని అడుగు."

"ఏంటిది మేడమ్?"

"అంచు సార్."

"ఎప్పటి నుంచి ఉంది?"

"నేను చేరకముందు నుంచీ ఉంది. మీరు చూడ్డం ఇవాళ."

తమ్ముడంటే వాల్వాయన. పొద్దుటి రిపోర్టు ఇవ్వడానికి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు. నెరిసిన జుట్టు, భుజాన అదే ఇనుప తాళంచెవి. దగ్గరికొచ్చి పట్టీ మీద వేలు పెట్టి చూశాడు. "సార్, ఇది బావుంది. గుర్తులన్నీ ఒక్కచోటున్నాయి. నేను ఇన్నాళ్ళూ ఇవి కాగితం మీద రాసి జేబులో పెట్టుకు తిరిగాను" అని, గీతలక్క వైపు తిరిగి, "మూడో సందులో ఉందక్కా. నిన్ననే తవ్వి చూశాను" అన్నాడు.

"నువ్వుండవయ్యా" అన్నాడు కొత్త సారు. గొంతులో మెత్తదనం పోయింది. "మేడమ్, నేను తాళం వేయించింది ఎందుకు? దొడ్డిదారిన ఇది చేయడానికా? ఇప్పుడే వెళ్ళి అన్ని షీట్లలోంచీ చెరిపేయండి."

"చెరపను."

ఆ మాట ఆవిడ గట్టిగా అనలేదు. టైమెంతయిందంటే చెప్పినట్టు చెప్పింది.

"అయితే సోమవారం నుంచి కిటికీ దగ్గర కూర్చోండి."

"కూర్చుంటాను. కాగితం మీద రాసివ్వండి సార్. కారణం కూడా రాయండి."

కొత్త సారు విసురుగా బల్ల దగ్గరికి వెళ్ళి కాగితం లాగి పెన్ను తీశాడు. పై నాలుగు లైన్లు చకచకా రాశాడు. "కారణం" అని రాసి ఆగాడు. గీతలక్క ఎదురుగా నుంచుని ఉంది.

"రాయండి సార్. గీసిన మ్యాపులో ఒక్క తప్పూ లేదు, కానీ తన మెడకీ తన చేతికీ తగ్గట్టు గీసుకుంది. అంతే కదా? మీరు వేసిన తాళం నేను తీయలేదు. మీరు పెట్టిన ముఖం నేను మార్చలేదు. చట్రం లోపల గీతంత తేడా చూపించండి, ఇప్పుడే వెళ్ళి కూర్చుంటాను. ముప్పై రెండేళ్ళుగా ఈ ఊరు నా చేతి కింద ఉంది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో చెప్పించుకునే రోజు రాలేదు నాకు."

పెన్ను కాగితం మీద చుక్క పెట్టి అక్కడే ఉండిపోయింది. కింద కారు తలుపులు వేసిన చప్పుడైంది, ఒకటి, రెండు, మూడు.

కొత్త సారు గోడకేసి చూశాడు, మెట్లకేసి చూశాడు. "వాళ్ళు పైకొచ్చేలోపు... ఇదేదో చూడండి" అన్నాడు.

గీతలక్క మ్యాపుల గదిలోకి వెళ్ళి డ్రాయరులోంచి బ్లేడు, బీరువా మీంచి పొడుగు స్కేలు తెచ్చింది. గోడ మీదే స్కేలు ఆనించి, చట్రం గీత వెంట బ్లేడు లాగింది. బొటనవేలు సలిపినా లాగింది. ఒకటి, రెండు, ఆరు. వెంట్రుకవాసి వంకర పోలేదు. ఆఖరి పట్టీ కింద పడేసరికి మెట్ల మీద మాటలు దగ్గరికొచ్చాయి. పట్టీలు ఆరూ చుట్టచుట్టి చంకలో పెట్టుకుంది.

"మ్యాపు మీది సార్. అంచు నాది" అని పక్కకి తప్పుకుంది.

వచ్చినవాళ్ళు మ్యాపులు చూసి బాగున్నాయన్నారు. చాయ్ తాగి వెళ్ళిపోయారు. సగం రాసిన ఆర్డరు కాగితం కొత్త సారు బల్ల మీద, ఒకే పొడుగున్న పెన్సిళ్ళ కింద, పది రోజులుంది. "కారణం" అన్న మాట తర్వాత ఒక చుక్క. అంతకు మించి ముందుకి పోలేదు. తర్వాత ఆ కాగితం కనబడలేదు. టూల్‌బార్ల తాళం ఆయన తీయనూ లేదు. అంచుని ఆవిడ చెరపనూ లేదు. ఎదురుపడితే ఇద్దరూ మర్యాదగా నమస్కారం పెట్టుకునేవారు. అలాగే మిగిలిన ఏళ్ళు పూర్తి చేసి, గీతలక్క ఆఖరి రోజు సాయంత్రం గుండుసూదుల డబ్బాలోంచి ఆ కీ తీసి, కీబోర్డులో దాని చోట నొక్కిపెట్టి ఇంటికి వెళ్ళిపోయింది.

రిటైరయ్యాక గీతలక్క నాలుగేళ్ళు బతికింది. ఒక పట్టీని ఆడపడుచు కుట్టుమిషను పైన గోడకి అంటించుకుంది. వదిన పోయిన వారానికి, చుట్టపుచూపుగా వచ్చినావిడెవరో సాయం చేద్దామని గది సర్దబోయి, మేకుకున్న కత్తెర మీద చెయ్యి వేసింది. ఆడపడుచు మిషను ఆపకుండానే, "అది అక్కడే ఉండాలి" అంది. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

ఆఫీసులో ఇప్పుడు మ్యాపులు చూసేవాళ్ళు వేరు. కొత్తగా చేరినవాళ్ళు మొదటిసారి షీటు తెరిచినప్పుడు చట్రం కింద ఉన్న పట్టీ చూసి, "గుర్తులు సరే, ఈ పిచ్చి గీత ఎందుకు? తీసేయొచ్చా?" అని అడుగుతారు.

"తీసేయొచ్చు" అంటాడు కంప్యూటరాయన. "కారణం రాసి సంతకం పెట్టి ఇవ్వు."

ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.